గబ్బిలాల గదిలో కాన్పు

పశుసంవర్ధక శాఖలో చాలా ఏళ్లు ఆవులకు, గొర్రెలకు వైద్యం చేసిన తర్వాత, పదవీ విరమణకు కొన్నేళ్ల ముందు, ఒక మార్చి నెలలో నన్ను డెప్యుటేషన్ మీద కడప శివార్లలోని వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి పంపారు. డెప్యుటేషన్ అంటే జీతం ఒక శాఖ ఇస్తుంది, పని ఇంకో శాఖ చెబుతుంది. అప్పటికి నేను అసిస్టెంట్ డైరెక్టర్ హోదాలో ఉన్నాను. కేంద్రం అటవీశాఖది. జంతువుల తిండి, మందు, శస్త్రచికిత్స నా బాధ్యత. మిగతా నిర్ణయాలన్నీ డీఎఫ్‌ఓవి, అంటే జిల్లా అటవీ అధికారివి.

కుక్కలు తరిమిన జింకలు, బావిలో పడిన ఎలుగుబంటి, వలలో చిక్కిన కొండచిలువ, రైలు తగిలిన నెమలి, ఇలాంటివే మా దగ్గరికి వచ్చేవి. గబ్బిలాన్ని నేను అంతవరకు చేత్తో ముట్టి ఎరగను. మా చదువులో కూడా వాటి గురించి ఒకటి రెండు పేజీలకు మించి లేదు.

ఆ ఏడాది మే నెలలో కమలాపురం అవతలి ఒక చిన్న ఊరి నుంచి ఫోను వచ్చింది. చేసినవారు దేవసహాయం గారు. ఆ ఊరి చర్చికి సంఘపెద్ద, రిటైరైన బడిపంతులు. చర్చి ఆవరణలో పెద్ద పెద్ద చింతచెట్లున్నాయనీ, వాటినిండా గబ్బిలాలున్నాయనీ చెప్పారు.

"మా నాయన కాలం నుంచి ఈడనే ఉండాయి డాక్టరమ్మా. ఇప్పుడు ఎండకు కాయలు రాలినట్టు రాల్తాండాయి. ఏం చెయ్యాల్నో మాకు తెలీడంల్యా. మీరొచ్చి సూడండి" అన్నారు.

నాతో బయల్దేరింది కీపరు ఖాజా. అప్పటికి యాభై దాటిన మనిషి. ఊరు ఎర్రగుంట్ల. కుర్రతనంలో సిమెంటు లారీలకు బస్తాలు ఎత్తేవాడు. ఆ దుమ్ము వల్ల పట్టుకున్న పొడిదగ్గు ఆయన్ను వదల్లేదు. లారీల పని మానుకుని అటవీశాఖలో రోజుకూలీగా చేరి, కాలక్రమంలో కీపరయ్యాడు. తక్కువ మాట్లాడతాడు. జంతువు దగ్గర మాత్రం ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటాడు.

మేం పోయేసరికి చెట్ల కింద నేల కనిపించడం లేదు. పండ్ల గబ్బిలాలవి. రెక్కలు చాపితే మనిషి చేతుల బారెడుకు దగ్గరగా ఉంటాయి, ముఖం నక్కపిల్లను పోలి ఉంటుంది. వీటికి మనలా చెమట పట్టదు. వేడి పెరిగితే రెక్కలతో విసురుకుంటాయి, ఒళ్లు నాక్కుని తడుపుకుంటాయి. అప్పటికీ తట్టుకోలేకపోతే పట్టు వదిలి పడిపోతాయి. చాలావరకు చచ్చిపోయాయి. చచ్చిన తల్లుల రొమ్ముకు పిల్లలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. దేవసహాయం గారు ఊరివాళ్ల చేత బిందెలతో నీళ్లు మోయించి కొమ్మల మీదికి చల్లిస్తున్నారు. బతికినవాటిని తోలు చేతితొడుగులు వేసుకుని ఏరి, తడిగోనెలు పరిచిన గంపల్లో పెట్టి కేంద్రానికి తెచ్చాం.

లవణాలు, గ్లూకోజు కలిపిన నీళ్లు చుక్కలు చుక్కలుగా పట్టించాం. తడిగుడ్డలు కట్టి ఫ్యాన్ల కింద వేలాడదీశాం. కోలుకున్నవాటిని దఫదఫాలుగా తీసుకుపోయి ఆ చింతచెట్లకిందే వదిలాం. చివరికి ఎగరలేనివి కొన్ని మిగిలాయి. గబ్బిలం రెక్క అంటే చెయ్యే. పొడుగాటి వేళ్ల మధ్య పలచని తోలు గొడుగు గుడ్డలాగా ఉంటుంది. తోలు చిరిగితే కొద్ది వారాల్లో అతుక్కుంటుంది. వేలి ఎముక విరిగి వంకరగా అతికితే ఆ గబ్బిలం ఇక ఎగరదు.

అలా మిగిలినవాటిలో ఒక ఆడది ఉంది. దాని ఎడమ రెక్కలో వేళ్లు విరిగాయి. బొటనవేలు మాత్రం బాగుంది. ఇది ముఖ్యమైన విషయం. గబ్బిలం మూత్రవిసర్జనకు తలకిందుల భంగిమ నుంచి తిరిగి, బొటనవేళ్లతో పట్టుకుని నిటారుగా వేలాడుతుంది. ఆ వేలు లేకపోతే తన ఒంటిమీదే పోసుకుని పుండ్లు పడి కుళ్లిపోతుంది. అందుకే ఎగరలేని గబ్బిలాన్ని బతికించాలా వద్దా అని నిర్ణయించే ముందు బొటనవేలు చూస్తాం. దీని వేలు చూసి, ఉంచుకుందాం అన్నాను. రికార్డులో దానికి ఒక నంబరు ఇచ్చాం. ఖాజా దాన్ని బేగం అని పిలిచేవాడు. జంతువులకు పేర్లు పెట్టకూడదని మా నియమం. ఆ ఒక్క విషయంలో నేను వినపడనట్టు ఊరుకున్నాను.

వాటికోసం పాత పక్షుల గదిని మార్చాం. ఇనుప జాలీకి వేలాడితే మణికట్టు, కాలిమడమలు ఒరుసుకుపోతాయి. కాబట్టి పైకప్పు కింద మెత్తని నూలు వల కట్టించాం. మాది జమ్మలమడుగు వైపు మగ్గాలవాళ్ల ఇల్లు. ఆ వల అల్లింది మా చిన్నాన్న. ఎందుకని అడిగితే గబ్బిలాలకు ఉయ్యాల అని చెప్పాను. ఆయన నవ్వి, ముళ్లు గట్టిగా వేసి పంపాడు. నేల కడపబండలది కావడం మంచిదయింది. రోజూ కడిగినా నానదు, త్వరగా ఆరుతుంది. అరటిపండు రాజంపేట నుంచి వచ్చేది. బొప్పాయి, జామ, సపోటా కాలాన్ని బట్టి. మార్కెట్ పండు మరీ తీపి, అదొక్కటే పెడితే ఒళ్లు వచ్చి కాలేయం చెడుతుంది. అందుకని ఉడికించిన చిలగడదుంప, ఆకుకూర, మాంసకృత్తుల పొడి కలిపేవాళ్లం. అవి పండును నమిలి రసం మింగి, పిప్పిని ఉండచేసి ఉమ్మేస్తాయి. పొద్దున్నే గదిలోకి పోయి ఆ ఉండలు చూస్తే ఏది సరిగ్గా తిన్నదీ తెలిసేది.

సంరక్షణ కేంద్రంలో జంతువులకు పిల్లలు పుట్టించకూడదనేది సాధారణ నియమం. మా పని నయం చేసి పంపడమే. అయితే గబ్బిలం ఒంటరిగా బతికే జీవి కాదు. ఆడవాటిని, మగవాటిని వేర్వేరుగా పెడితే మూలకు చేరి తిండి మానేస్తున్నాయి. ఒకప్పుడు చట్టంలో వీటిని ఎలుకలతో, కాకులతో కలిపి హాని చేసే జంతువులుగా లెక్కగట్టారు. తర్వాత ఆ జాబితా మారి వీటికీ రక్షణ వచ్చింది. ఆ మార్పును ఆధారం చేసుకుని, ఎండకు ఇంత నష్టపోతున్న జంతువు బోనులో ఎలా కంటుంది, ఎలా పెంచుతుంది అన్నది మనకు తెలిసుండాలని పైకి రాశాను. ఒక చిన్న గుంపును కలిపి ఉంచడానికి, పుట్టిన పిల్లలను అడవిలోకి వదలాలన్న షరతుతో, అనుమతి వచ్చింది.

మొదటి ఏడాది మాకు ఏమీ దక్కలేదు. ఒక ఆడదానికి నెలలు నిండకుండానే పోయింది. బేగం కన్నది, కానీ పిల్ల పుట్టిన కాసేపటికే బండమీద పడిపోయింది. ఆరోజు బడిపిల్లల బృందం ఒకటి గది ముందు నిలబడి ఉంది. అరుపులకు తల్లి బెదిరింది. ఖాజా ఆ పిల్లను గుడ్డలో చుట్టి నా బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత గదికి మూడువైపులా పచ్చని నీడగుడ్డ కట్టించి, చూడవచ్చేవాళ్లను ఆపేశాం. నేలమీద గడ్డి నింపిన మెత్తలు పరిచాం. వర్షాకాలం చివర్లో మళ్లీ జతకట్టాయి. చూలు సుమారు ఐదు నెలలు.

మరుసటి మార్చిలో ఒక పొద్దున ఖాజా ఆస్పత్రి గదికి వచ్చాడు.

"మేడం, బేగం ఈ పొద్దు తిండి ముట్టల్యా. చేతులతోనూ కాళ్లతోనూ పట్టుకోని ఉయ్యాల మాదిరి ఉండాది. ఒకసారి వచ్చి సూడండి."

గబ్బిలం కాన్పుకు ఒంటిని అలా అడ్డంగా పెట్టుకుంటుందని చదివాను. చూడటం అదే మొదలు. నీడగుడ్డకున్న సందులోంచి చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి పిల్ల తల బయటికొచ్చింది. తల్లి వంగి నాకుతోంది. పిల్ల మొత్తం బయటపడి, పట్టు దొరక్క జారింది. బొడ్డుతాడు మీద వేలాడుతోంది. ఖాజా లోపలికి పోయి, అడుగులో అడుగు వేసుకుంటూ వలకింద నిలబడి, ఒక పాత నూలుచీర ముక్కను రెండు చేతుల మీద పరిచి పట్టుకున్నాడు. ముట్టుకోవద్దని నేను చేత్తో సైగ చేశాను. మనిషి చెయ్యి తగిలితే తల్లి విసిరికొట్టినా కొట్టవచ్చు. ఆయన తలూపాడు. చేతులు కదల్చకుండా, పైకి చూస్తూ, "ఏం కాదు తల్లీ. నిదానంగా పట్టుకో. నేనుండా" అంటున్నాడు.

బేగం వంకరపోయిన ఎడమ రెక్కను నెమ్మదిగా పిల్ల కిందికి తెచ్చింది. ఎగరడానికి పనికిరాని ఆ రెక్క దోసిలిలాగా మడిచి పిల్లను పైకి ఎత్తింది. పిల్ల కాళ్లతో తల్లి బొచ్చు పట్టుకుని, పాకి, చంకకింద ఉన్న రొమ్మును నోట పట్టింది. గబ్బిలం పిల్ల పాలపళ్లు లోపలికి వంగి ఉంటాయి, ఒకసారి పట్టితే జారదు. ఖాజా ఆ చీరముక్క కిందికి దించడానికి చాలాసేపు పట్టింది. బయటికొచ్చాక భుజాలు నొప్పిగా ఉన్నాయన్నాడు. పుట్టింది ఆడపిల్ల.

ఆ పిల్ల కళ్లు విప్పుకుని తల్లి ఒంటి మీది నుంచి లోకాన్ని చూడటం మొదలుపెట్టిన రోజుల్లో దక్షిణాదిలోనే ఇంకో రాష్ట్రంలో నిఫా జ్వరం వార్తలు టీవీల్లో మొదలయ్యాయి. ఆ వైరస్ పండ్ల గబ్బిలాల్లో ఉండవచ్చు. ఉన్నా వాటికి జబ్బు చేయదు. మనిషికి సోకితే ప్రాణాంతకం. అది నిజం, దాన్ని తక్కువచేసి చెప్పడానికి లేదు. మా జిల్లాలో ఒక్క కేసూ లేదు. కానీ టీవీలో గబ్బిలం బొమ్మ చూపించిన ప్రతిసారీ మా కేంద్రానికి ఒక ఫోను వచ్చేది. ఖాజాకు బస్సులో సీటు పక్కన ఎవరూ కూర్చోవడం లేదని తెలిసింది. ఆయన దగ్గు పాతికేళ్ల నాటి సిమెంటుది. ఆ సంగతి బస్సులోవాళ్లకు తెలియదు కదా.

డీఎఫ్‌ఓ కొత్తగా వచ్చిన యువకుడు, మర్యాదస్తుడు. ఒకరోజు తనే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పైనుంచి ఒత్తిడి ఉందనీ, ఉన్నవి కొన్నే కాబట్టి నొప్పి తెలియకుండా శాశ్వతంగా నిద్రపుచ్చితే అందరికీ నిశ్చింతగా ఉంటుందనీ, దానికి నా సంతకం కావాలనీ చెప్పాడు. కేంద్రంలో ఆ ఇంజెక్షను ఇవ్వగలిగిన వ్యక్తిని నేనొక్కదాన్నే.

"జబ్బు ఉందని తేలితే నేనే, నా చేత్తోనే ఆ పని చేస్తాను. తేలకముందు చెయ్యను" అన్నాను.

తేల్చడానికి ఏం చేయాలో ఆయన అడిగాడు. రక్తం, గొంతులోని తడి, మూత్రం నమూనాలు తీసి పెద్ద ప్రయోగశాలకు పంపాలి. ఫలితం ఎప్పుడు వస్తుందో చెప్పలేను. వాళ్ల దగ్గర అప్పుడు మనుషుల నమూనాలే గుట్టలుగా ఉన్నాయి. ఆయన ఒప్పుకున్నాడు. అయితే ఫలితం వచ్చేదాకా గది మూసెయ్యాలనీ, నమూనా తీసినవాళ్లు, తిండి పెట్టేవాళ్లు ఆవరణ దాటకూడదనీ షరతు పెట్టాడు. అది సరైన షరతే. ఆయన చోట నేనున్నా అదే చెప్పేదాన్ని.

నా వరకు ఇబ్బంది లేదు. మా ఆయన వండుకోగలడు. నేను అతిథి గదికి పెట్టె తెచ్చుకున్నాను. మిగతా కీపర్లు ఇళ్లలో చిన్నపిల్లలున్నారని, రాలేమన్నారు. వాళ్లను తప్పుపట్టలేదు. చిక్కంతా ఖాజాది. ఆయన కూతురు షబానా పెళ్లయిన చాలా ఏళ్లకు, రెండుసార్లు పోయాక, నిలిచిన కడుపుతో పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి.

ఆయన్ను పిలిచి ఇంటికి పొమ్మన్నాను. ఇంకా నమూనాలు తీయలేదు, ఇప్పుడు పోతే ఎవరూ ఏమీ అనరు, తిండి సంగతి నేను చూసుకుంటానని చెప్పాను. ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"పోవాలనే ఉండాది మేడం, ఎందుకుండదు? కానీ నేను నిన్నటిదాకా ఆ గదిలోనే ఉంటి. ఇప్పుడు ఇంటికి పోయి, రేపు బిడ్డకు చిన్న జలుబు చేసినా అందురూ నా చేతుల్నే సూస్తారు. వాళ్లది ఇడిసిపెట్టండి. నా చేతుల్ని నేనే నమ్మను. పరీచ్చ కానీ. అదేందో తేలినాకనే పోతా" అన్నాడు.

నేను మళ్లీ బలవంతపెట్టలేదు. నిజానికి పిల్లతల్లిగా ఉన్న బేగం ఆ రోజుల్లో ఆయన చేతి పండు తప్ప తినేది కాదు.

నమూనాలు తీసిన రోజు కడపలో ఎండ ఎంతుందో చెప్పనక్కర్లేదు. తల నుంచి కాలి దాకా మూసే ప్లాస్టిక్ సూటు, కళ్లద్దాలు, రెండు జతల చేతితొడుగులు. మూత్రం కోసం వలకింద ప్లాస్టిక్ పట్ట పరిచాం. రక్తానికి ఒక్కొక్కదాన్ని తువాలులో చుట్టి, తల కప్పి, ఒక్క రెక్క మాత్రం బయటికి తీస్తాం. రెక్కను వెలుతురుకు పెడితే రక్తనాళాలు ఆకు ఈనెల్లాగా కనబడతాయి. బేగం వంతు వచ్చినప్పుడు పిల్ల రొమ్ము వదల్లేదు. వదిలించవద్దన్నాను. ఖాజా ఇద్దరినీ కలిపే చుట్టి పట్టుకున్నాడు. సూది దిగినప్పుడు తల్లి ఒక్కసారి బిగుసుకుంది. పిల్ల పాలు తాగుతూనే ఉంది. ఆ ప్లాస్టిక్ లోపల నా కళ్లలోకి చెమట దిగుతుంటే, ఆయన గొణుగుడు వింటూ సూది కదలకుండా ఉంచాను.

తర్వాత ఎదురుచూడటమే మిగిలింది. రోజూ పొద్దున, సాయంత్రం ఇద్దరం ఒకరి జ్వరం ఒకరం చూసి రాసుకునేవాళ్లం. ఖాజా నమాజు చేసుకుని, పండ్లు కోసి, గది కడిగి, స్టోరు గది అరుగు మీద కూర్చునేవాడు. ఆ దినాల్లోనే ఒక మధ్యాహ్నం ఆయన ఇంటామె ఫోను చేసింది. ప్రొద్దుటూరు ఆస్పత్రిలో షబానాకు ఆపరేషను చేసి ఆడబిడ్డను తీశారు. ఇద్దరూ క్షేమం. ఆయన ఫోను నా చేతికిచ్చి చూడమన్నాడు. తెరమీద ఎర్రగా ముడతలు పడిన ముఖం, నల్లని జుట్టు. చెవిలో అజాన్ చెప్పాల్సిన తాత ఇక్కడ అరుగు మీద ఉన్నాడు. అల్లుడు బిడ్డ చెవి దగ్గర ఫోను పెడితే, ఈయన లేచి పడమటి వైపు తిరిగి నిలబడి, ఫోనులోనే అజాన్ చెప్పాడు. మధ్యలో దగ్గు రాకుండా గొంతు ఎంత బిగబట్టుకున్నాడో నేను చూశాను. నేను ఆస్పత్రి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాను.

దాని తర్వాత రోజులు బరువుగా గడిచాయి. షబానా రోజూ బిడ్డను ఫోనులో చూపించేది. ఎప్పుడొస్తావని మొదట్లో అడిగేది, తర్వాత అడగడం మానేసింది. ఆ మానేయడమే ఆయనకు ఎక్కువ కష్టమయింది. ఒకరోజు పండ్లు కోస్తూ, "నా బిడ్డ నామీద అలిగిందో, దిగులు పడతాందో తెలీడంల్యా మేడం. ముఖం సూస్తే తెలుస్తాది. ఫోనులో తెలీదు" అన్నాడు.

ఫలితం ఒక ఉదయం మెయిలులో వచ్చింది. ఏ నమూనాలోనూ వైరస్ లేదు. నేను డీఎఫ్‌ఓకు ఫోను చేసి చెప్పి, తర్వాత ఖాజా దగ్గరికి నడిచి పోయాను. ఆయన గది కడుగుతున్నాడు. చెప్పాను. సరేనని తలూపి, మిగిలిన మూల కూడా కడిగి, పైపు చుట్టి మేకుకు తగిలించాడు. ఆ తర్వాత గోడకానుకుని కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

జీపులో నేనే ఎర్రగుంట్ల తీసుకుపోయాను. ఇంటి ముందు సిమెంటు తొట్టి ఉంది. లోపలికి పోకుండా అక్కడే నిలబడి మోచేతుల దాకా సబ్బుతో కడగడం మొదలుపెట్టాడు. కడిగి, నీళ్లు పోసుకుని, మళ్లీ కడిగాడు. షబానా బిడ్డనెత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. ఇంక చాలబ్బా, ఎంతసేపు కడుగుతావు, లోపలికి రా అని ఉర్దూలో అంది. గొంతులో అలక లేదు, దిగులు ఉంది. ఆయన చేతులు తుడుచుకుని బిడ్డను అందుకున్నాడు. ఒక అరచెయ్యి తలకింద, ఒకటి పాదాలకింద, గుడ్డ అంచులు లోపలికి మడిచి. ఇన్నాళ్లుగా గబ్బిలాలను పట్టుకున్న పద్ధతే అది. అరచేతిలో తూచినట్టు ఒకసారి పైకెత్తి, నావైపు తిరిగి, "మూడు కేజీలకు కొంచెం తక్కువుంటాది మేడం. పాలు సరిగ్గా తాగుతాంది" అన్నాడు. షబానా నవ్వుతూనే ఏడ్చేసింది.

పిల్లను అడవిలోకి వదలాలన్న షరతు మిగిలి ఉంది. దానికి ఎగరడం నేర్పే స్థితిలో తల్లి లేదు. గదిలో ఈ చివర, ఆ చివర పండ్లు కట్టి మేమే అలవాటు చేశాం. మాటలు తగ్గించాం. చేత్తో తినిపించడం మానేశాం. ఇది ఖాజాకు కష్టమైన భాగం. గొణగకుండా పనిచేయడం ఆయనకు రాదు. నోటికి గుడ్డ కట్టుకుని లోపలికి పోయేవాడు.

వర్షాలు మొదలయ్యాక చర్చి ఆవరణలోని చింతచెట్ల కింద వదలాలని అనుకున్నాం. దేవసహాయం గారు ఆదివారం ఆరాధన తర్వాత నన్ను మాట్లాడమన్నారు. ఒకాయన లేచి, మీ దగ్గర పుట్టినదాన్ని తెచ్చి మా ఊర్లో వదిలితే రేపు జ్వరమొస్తే ఎవరు పూచీ అని అడిగాడు. మంచి ప్రశ్నే. పరీక్షించిన రోజున వైరస్ లేదని మాత్రమే చెప్పగలననీ, ఎప్పటికీ రాదని చెప్పలేననీ అన్నాను. గబ్బిలం కొరికిన పండు తినవద్దు, కింద పడినదాన్ని ఉత్త చేత్తో ముట్టవద్దు, బావి మూసి ఉంచండి అని చెప్పాను. గుసగుసలు పెరిగాయి. చెట్లు కొట్టేస్తే పీడ పోతుంది కదా అని వెనకనుంచి ఎవరో అన్నారు.

దేవసహాయం గారు లేచి, "భయం ఉండాల్సిందేనప్పా. నాకూ ఉండాది. కానీ చెట్లు కొట్టేస్తే అవి యాడికి పోతాయి? మన ఇండ్లమీద పడి తిరుగుతాయి. ఉన్నచోట ఉండనిద్దాం. మనం జాగ్రత్తగా ఉందాం" అన్నారు. అంతకంటే పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు. ఎవరూ ఒప్పుకున్నామని అనలేదు, కాదని కూడా అనలేదు. మరుసటి వారం, వదిలేముందు పిల్లను ఉంచే వల గూడు నిలబెట్టడానికి గుంటలు తవ్వింది ఆ ప్రశ్న అడిగినాయనే.

గూడులో పిల్లను కొన్నాళ్లు ఉంచి, పైన ఉన్న గబ్బిలాల వాసనకు, అరుపులకు అలవాటు చేశాం. తర్వాత ఒక సాయంత్రం పైకప్పు తెరిచాం. మొదటిరోజు కదల్లేదు. రెండోరోజు అంచుదాకా పాకి వెనక్కి వచ్చింది. ఖాజా గోడ అవతల నోటికి గుడ్డతో కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాతి సాయంత్రం చెట్లమీది గుంపు పాపఘ్ని నది వైపు లేస్తుండగా ఇదీ లేచింది. కొంచెం వంకరగా, మరీ కిందుగా ఎగిరింది. చర్చి కప్పు దాటాక గుంపులో కలిసిపోయి, ఏది మాదో తెలియలేదు. కొన్నాళ్లు గూడులో పెట్టిన పండు తినిపోయింది. తర్వాత పండు అలాగే మిగిలిపోవడం చూసి గూడు విప్పించాం.

బేగం రెండు మూడు రోజులు తిండి తగ్గించింది. పిల్లకోసమేనా అని ఖాజా అడిగాడు. వాతావరణం మారినా గబ్బిలాలు తిండి తగ్గిస్తాయి. తెలియదని చెప్పాను. ఆయన ఆ మధ్యాహ్నం దానికి సపోటా చేత్తో తినిపించాడు. తల్లికి ఆ నిషేధం లేదు.

ఈ వ్యవహారం నుంచి నేను నేర్చుకున్నవి వృత్తికి సంబంధించినవే. గబ్బిలం బోనులోనూ కని పెంచగలదు. దానికి కావలసింది మెత్తని పట్టు, నిశ్శబ్దం, చేతులు దూరంగా పెట్టుకోగల మనుషులు. జబ్బు భయం ఉన్నచోట ధైర్యం చెప్పడం పనికిరాదు, పరీక్ష చేసి ఫలితం చూపాలి. ఫలితం వచ్చేదాకా దూరంగా ఉండాలన్న నియమం సరైనదే. కానీ ఆ దూరం భారం కాగితం మీద కేంద్రానిది, నిజంగా పడేది మాత్రం ఒక ఇంటి మీద. ఎవరింటి మీద పడుతుందో ముందే ఆలోచించడం కూడా వైద్యాధికారి పనిలో భాగమే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను ఏ జంతువునూ ఒక్క కీపరు చేతికే అలవాటు కానివ్వలేదు.